కాగితం మీద కలంకారీ నల్లగీతలు గోధుమరంగుకు తిరిగితే

కాగితం మీద కలంకారీ నలుపుతో మచిలీపట్నం ఓడల బొమ్మ గీస్తే గీతలు గోధుమరంగుకు తిరిగాయని రాశారు. నలుపు తిరగకపోవడానికి కారణం దాదాపుగా కరక్కాయ పూత లేకపోవడమే. మీరు వాడిన తుప్పు ఇనుము, బెల్లం పులిసిన నీళ్లకు సొంతంగా నలుపు లేదు. కరక్కాయలోని వగరు తగిలితేనే నల్లబడుతుంది. ఉత్త కాగితం మీద గీస్తే మిగిలేది తుప్పే. అందుకే మీ మచిలీపట్నం ఓడలు ఎండేసరికి గోధుమరంగుకు తిరిగాయి.

1. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాటన్ కాగితం తీసుకోండి. పల్చటిదైతే ఇనుప నీళ్ల పులుపుకు కొన్నాళ్లకు గీత వెంబడి చిరుగుతుంది.
2. 10 గ్రాముల కరక్కాయ పొడి 200 మి.లీ. నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టండి.
3. వెడల్పు బ్రష్‌తో కాగితమంతా ఒక పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. తడి ఉంటే గీత పాకుతుంది. కరక్కాయను రంగులోనే కలిపేస్తే నలుపు గిన్నెలోనే విరిగి, కాగితం మీద పైపైన నిలిచి, వేలు తగిలితే రాలుతుంది.
4. కలంకారీలో రంగు పాకకుండా గుడ్డకు పట్టించే పాలు ఇక్కడ వద్దు, వాసన వస్తుంది. వాటర్‌కలర్ కాగితానికి ఆ పని చేసే జిగురు పూత (సైజింగ్) ముందే ఉంటుంది.
5. గీశాక ఒక రోజు ఆగి, ట్రేలో నీళ్లు పోసి రెండు నిమిషాలు ముంచి తీయండి. మిగులు ఇనుము పోతుంది. లేకపోతే గీత చుట్టూ తుప్పు అంచు కడుతుంది.

ఇక బొమ్మలోని ఏళ్ల సంగతి. డచ్ ఓడ పక్కన 1611 అని రాశారు, అది మచిలీపట్నానికి ఆంగ్లేయులు వచ్చిన ఏడు. డచ్చివాళ్లు 1605లోనే దిగారు. బ్రిటన్‌లో మన అద్దకం బట్టల దిగుమతిని ఆపిన చట్టం 1700లోది, వాడకాన్నే నిషేధించింది 1721లోది. ఈ రెండు చట్టాలనూ బొమ్మలో వేర్వేరుగా చూపించండి.