పాఠకుల ప్రశ్నలు: ఈగల్స్ ఎలా గెలిచింది, కొత్త కోచ్‌లు ఎవరు?

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో సూపర్ బౌల్ 59, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, జరిగింది. ఫిలడెల్ఫియా ఈగల్స్ 40–22తో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను ఓడించింది. ఆ తర్వాత రెండు రోజులకు ఖాళీగా మిగిలిన చివరి హెడ్ కోచ్ ఉద్యోగం కూడా భర్తీ అయిపోయింది. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ ఇంచుమించు వీటి గురించే కాబట్టి మిగతా ఆటల సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మా అబ్బాయి ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాడు. వాడు చెప్పాడని తెల్లవారుజామున 5 గంటలకే లేచి టీవీ పెట్టాను. ఆట పూర్తిగా అర్థం కాదు కానీ స్కోరు అర్థమవుతుంది కదా బాబూ. వరుసగా రెండుసార్లు గెలిచిన చీఫ్స్, అంత పేరున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మహోమ్స్ ఉండి కూడా, సగం ఆట అయ్యేసరికి 24–0తో వెనకబడిపోయిందేమిటి? (ఒక తల్లి, విజయవాడ)

అమ్మా, మీరు చూసిన మొదటి సగంలో చీఫ్స్ మొత్తం కలిపి ముందుకు నడిపింది 23 గజాలు. మైదానం పొడవు 100 గజాలు. అంటే దాదాపు కదల్లేదన్నమాటే.

దీనికి కారణం బంతి విసిరేవాళ్లలో కాదు, వాళ్ల ముందు నిలబడి తోసుకునే భారీ మనుషుల్లో వెతకాలి. డిఫెన్స్‌లో 11 మంది ఉంటారు. మామూలుగా నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్తారు, మిగిలిన ఏడుగురు వెనక పాస్‌లు అడ్డుకుంటారు. నలుగురితో పని కాకపోతే ఐదుగురినో ఆరుగురినో పంపుతారు, దాన్నే బ్లిట్జ్ అంటారు. అలా పంపితే వెనక మనుషులు తగ్గిపోతారు, మహోమ్స్‌లాంటివాడు ఆ సందు కనిపెట్టి బంతి వేసేస్తాడు. ఈగల్స్ డిఫెన్స్‌ను నడిపే విక్ ఫాంజియో ఆ రోజు ఆట మొత్తంలో ఒక్కసారి కూడా బ్లిట్జ్ పంపలేదు. నలుగురితోనే కానిచ్చాడు. అయినా మహోమ్స్‌ను 6 సార్లు కింద పడేశారు, దాన్నే శాక్ అంటారు. జాష్ స్వెట్ ఒక్కడే రెండున్నర శాక్‌లు తీశాడు (ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం లెక్క). వెనక ఏడుగురూ ఎవరి చోట వాళ్లు ఉంటే మహోమ్స్ బంతి ఎవరికి విసురుతాడు, చెప్పండి?

ఇంకో సంగతి. మహోమ్స్‌ను కాపాడే చీఫ్స్ లైన్‌లో ఎడమ చివర నిలబడ్డ జో తూనీ అసలు గార్డ్, అంటే కొంచెం లోపల ఆడేవాడు. ఆ చివర ఆడాల్సినవాళ్లు కుదరక సీజన్ చివర్లో ఆయన్ని అక్కడికి జరిపారు. జరపడంతో లోపల ఆయన చోటు కూడా బలహీనపడింది. జనవరిలో ఈ లోటు ఎలాగో నెట్టుకొచ్చారు, ఫిబ్రవరి 9న మాత్రం బయటపడిపోయింది. ఈగల్స్ ఆటగాడు కూపర్ డీజీన్ బంతి అందుకుని 38 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు (బంతిని చివరి గీత దాటించాడు) చూడండి, మహోమ్స్ కుడివైపుకి పారిపోతూ తొందరలో వేసిన బంతి అది. డీజీన్‌కి ఆ రోజే 22 ఏళ్లు నిండాయి. ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కి ఆటలో ఉత్తముడిగా బహుమతి ఇచ్చారు, తగినవాడే. నన్నడిగితే ఆ బహుమతి డిఫెన్సివ్ లైన్‌కి మొత్తంగా ఇచ్చినా తప్పులేదు.

ప్రశ్న: చీఫ్స్ కోచ్ ఆండీ రీడ్ ఒకప్పుడు ఈగల్స్ కోచేనట, నిజమా? (వరంగల్)

నిజమే. 1999 నుంచి 2012 దాకా అక్కడే ఉన్నాడు, ఒకసారి సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లి పేట్రియట్స్ చేతిలో 24–21తో ఓడాడు. 2013లో కాన్సస్ సిటీకి వచ్చినప్పుడు అక్కడ రిసీవర్లకు (పాస్‌లు పట్టుకునేవాళ్లకు) ఒక కుర్ర కోచ్ ఉండేవాడు, రీడ్ తన బృందంలోకి అతన్ని తీసుకోలేదు. ఆ కుర్రాడే నిక్ సిరియానీ, ఇప్పుడు ఈగల్స్ హెడ్ కోచ్. 2023లో జరిగిన సూపర్ బౌల్‌లో రీడ్ చేతిలో 38–35తో ఓడాడు, ఈసారి గెలిచాడు.

ప్రశ్న: మిన్నెసోటా వైకింగ్స్ 17 ఆటల్లో 14 గెలిచింది. లాస్ ఏంజెలెస్ రామ్స్ గెలిచింది 10. మరి ప్లేఆఫ్స్‌లో వైకింగ్స్ వాళ్ల దగ్గరికి వెళ్లి ఆడటం ఏం న్యాయం? (మినియాపోలిస్)

మీ కోపం సమంజసమే, కానీ నిబంధన ముందు నుంచీ అదే. లీగ్‌లో 32 టీమ్‌లు, రెండు కాన్ఫరెన్సులు, ఒక్కో దానిలో నాలుగేసి డివిజన్లు. 2020 నుంచి ఒక్కో కాన్ఫరెన్సులో ఏడేసి టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నాయి. డివిజన్ గెలిచిన నలుగురికే మొదటి నాలుగు స్థానాలు, సొంత మైదానం కూడా వాళ్లకే. వైకింగ్స్ ఉన్న డివిజన్లో డెట్రాయిట్ లయన్స్ 15 గెలిచి కూర్చుంది. జనవరి 5న చివరి ఆటకు ఇద్దరూ చెరి 14 విజయాలతో వచ్చారు, గెలిచినవాళ్లకు కాన్ఫరెన్స్ మొదటి స్థానం, ఒక వారం విశ్రాంతి, ఓడినవాళ్లకు ఐదో స్థానం. లయన్స్ 31–9తో గెలిచింది. ఒక్క రాత్రిలో ఇంత తేడా. మన ఐపీఎల్‌లో మొదటి రెండు టీమ్‌లకు ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది, ఇక్కడ అలాంటిదేమీ లేదు, ఓడితే ఇంటికే.

ఇక వాళ్ల దగ్గరికి వెళ్లి అన్నారు కదా, ఆ ఆట లాస్ ఏంజెలెస్‌లో జరగలేదు. జనవరిలో అక్కడ ఘోరమైన కార్చిచ్చులు రేగడంతో అరిజోనాలోని గ్లెండేల్‌కి మార్చారు. రామ్స్ 27–9తో గెలిచింది, వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్‌ను 9 సార్లు పడేశారు. ఇది కూడా లైన్ దగ్గర ఓడిపోయిన ఆటే. నా అభిప్రాయం అడిగితే, డివిజన్ గెలిచినవాళ్లకు ప్లేఆఫ్స్‌లో చోటు ఇవ్వాలి, సొంత మైదానం మాత్రం ఎక్కువ ఆటలు గెలిచినవాళ్లకే ఇవ్వాలి.

ప్రశ్న: బఫలో బిల్స్ మీద చీఫ్స్ గెలిచిన ఆటలో అంపైర్లు మోసం చేశారని ఆఫీసులో అందరూ అంటున్నారు. మీరేమంటారు? (హైదరాబాద్)

మోసం అనను. నాలుగో క్వార్టర్ మొదట్లో బిల్స్ 22–21తో ముందుంది, 10 గజాలకు ఉండే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో అర గజమో గజమో కావాలి, బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ బంతి పట్టుకుని గుంపులోకి దూరాడు. రెండు వైపుల నుంచి పరిగెత్తుకొచ్చిన ఇద్దరు అధికారులు బంతి ఆగిన చోటును వేర్వేరుగా చూపించినట్టు కనిపించింది. చివరికి అందలేదన్నారు, రీప్లేలో కూడా మార్చడానికి స్పష్టమైన ఆధారం లేదన్నారు. మనుషుల కుప్ప కింద బంతి ఉంటే కెమెరాకి మాత్రం ఏం కనిపిస్తుంది? వెంటనే చీఫ్స్ టచ్‌డౌన్ చేసి 29–22కి వెళ్లింది. బిల్స్ 29–29 చేసింది కూడా, ఆఖరికి చీఫ్స్ ఫీల్డ్ గోల్‌తో (బంతిని స్తంభాల మధ్య నుంచి తన్ని) 32–29 అయింది. ఇన్ని వందల కోట్ల డాలర్ల ఆటలో బంతి ఎక్కడ ఆగిందో ఇంకా కంటిచూపుతో తేల్చడం మాత్రం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం, డల్లాస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే చోటు మా ఇంటికి దగ్గరే. పిల్లలకి ఆ జెర్సీ తప్ప ఇంకోటి వద్దు. కొత్త కోచ్ బ్రయాన్ షాటెన్‌హైమర్ అనగానే మా వారు నీరుగారిపోయారు. అంత చెడ్డ ఎంపికా? (ఒక పాఠకురాలు, టెక్సస్)

చెడ్డ ఎంపిక అని ఇప్పుడే అనలేం గానీ మీ వారు నీరుగారడంలో అర్థముంది. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1995 సీజన్‌లో. ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా చూడలేదు. 2024 సీజన్లో 7 గెలిచి 10 ఓడింది, క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ నవంబర్‌లోనే గాయపడి వెళ్లిపోయాడు. జనవరిలో హెడ్ కోచ్ మైక్ మెకార్తీ ఒప్పందం ముగిసింది, మాటలు కుదరలేదు. బయట అంతమంది ఉండగా ఆయన కింద ఆఫెన్స్ కోఆర్డినేటర్‌గా (బంతితో ముందుకెళ్లే వైపు చూసే కోచ్‌గా) ఉన్న షాటెన్‌హైమర్‌నే పైకి తెచ్చారు. తండ్రి మార్టీ పేరున్న హెడ్ కోచ్, ఈయన మాత్రం 51 ఏళ్లు వచ్చినా ఒక్కసారీ హెడ్ కోచ్‌గా చేయలేదు. పైగా డల్లాస్‌లో ఏ ఎత్తు ఎప్పుడు ఆడాలో చెప్పింది కూడా మెకార్తీనే.

నాకు బాధ కలిగించేది వేరే. ఈ సీజన్లో బాగా వెలిగిన ఇద్దరు కోచ్‌లు డల్లాస్ నుంచి వెళ్లినవాళ్లే. డాన్ క్విన్ 2021 నుంచి 2023 దాకా కౌబాయ్స్ డిఫెన్స్ చూశాడు. వాషింగ్టన్ కమాండర్స్ ఆయన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది, ముందటి ఏడాది 4 ఆటలు గెలిచిన టీమ్ ఈసారి 12 గెలిచి కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. జేడెన్ డేనియల్స్ లాంటి కొత్త క్వార్టర్‌బ్యాక్ దొరకడం అదృష్టమే, కాదనను, కానీ టీమ్ నడక మార్చింది క్విన్. రెండోవాడు కెలెన్ మూర్, డల్లాస్‌లోనే క్వార్టర్‌బ్యాక్‌గా ఉండి, అక్కడే కోఆర్డినేటర్‌గా ఎదిగి, 2022 సీజన్ తర్వాత బయటికి వచ్చినవాడు. 2024 సీజన్లో ఈగల్స్ ఆఫెన్స్ నడిపింది అతనే. ఇంట్లో ఉన్నప్పుడు విలువ తెలియదంటే ఇదే. జెర్సీలు మాత్రం దాచకండి, పిల్లలు వేసుకోనివ్వండి.

ప్రశ్న: 15 ఆటలు గెలిచిన మా లయన్స్ సొంత మైదానంలో మొదటి ప్లేఆఫ్ ఆటే ఓడింది. వారం తిరక్కుండానే ఇద్దరు కోఆర్డినేటర్లు వేరే టీమ్‌లకి వెళ్లిపోయారు. ఇంటర్వ్యూల మీద ధ్యాస పెట్టి ఆట వదిలేశారని నాకు గట్టి అనుమానం. (నోవై, మిషిగన్)

చూడండి, ఓటమి బాధలో అలా అనిపించడం సహజం. లయన్స్‌కి విశ్రాంతి వచ్చిన వారంలో ఆఫెన్స్ కోఆర్డినేటర్ బెన్ జాన్సన్, డిఫెన్స్ కోఆర్డినేటర్ ఆరన్ గ్లెన్ ఇద్దరూ వీడియోలో ఇంటర్వ్యూలు ఇచ్చిన మాట నిజం. నిబంధనల ప్రకారమే ఇచ్చారు. కానీ కమాండర్స్ చేతిలో 45–31తో ఓడిన ఆ రాత్రి లయన్స్ ఐదుసార్లు బంతి పోగొట్టుకుంది. క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు (విసిరిన బంతి అవతలివాళ్లు పట్టుకున్నారు), ఒకసారి బంతి వదిలేశాడు, ఒక ట్రిక్ ప్లేలో రిసీవర్ విసిరిన బంతి కూడా అవతలివాళ్లకే వెళ్లింది. డిఫెన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్టోబర్‌లో డిఫెన్స్ ఆటగాడు ఏడన్ హచిన్సన్ కాలు విరిగిన దగ్గర నుంచి ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టారు. ఉన్నవాళ్లతో గ్లెన్ అంత దూరం లాక్కొచ్చాడంటే మెచ్చుకోవాలి.

గ్లెన్ వెళ్లింది న్యూయార్క్ జెట్స్‌కి, 1994 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం) ఆటగాడిగా అతన్ని మొదటి రౌండ్‌లో తీసుకున్న టీమ్ అదే. అది సొంతింటికి వెళ్లడం. జాన్సన్ వెళ్లిన చోటే మీకు అసలు తలనొప్పి. చికాగో బేర్స్ మీ డివిజనే, ఏడాదికి రెండుసార్లు ఎదురుపడాలి, గాఫ్ ఏం ఇష్టపడతాడో ఏం ఇష్టపడడో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అక్కడ కేలెబ్ విలియమ్స్ ఉన్నాడు, 2024 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక. 5 గెలిచి 12 ఓడిన టీమే అయినా నేనైతే 2025లో జరిగిన ఏడు నియామకాల్లో దీన్నే ముందు పెడతాను.

ప్రశ్న: లాస్ వేగాస్ రైడర్స్ 73 ఏళ్ల పీట్ కారల్‌ను తీసుకుంది. ఈ వయసులోనా? (నెల్లూరు)

2025 సెప్టెంబర్‌లో 74 నిండాయి. ఆ వయసులో ఎన్‌ఎఫ్‌ఎల్ హెడ్ కోచ్‌గా పనిచేసినవాళ్లు ఇంతకుముందు లేరు. సియాటిల్‌కి సూపర్ బౌల్ తెచ్చిన మనిషి, ఓపిక ఉంది. తీసుకున్నప్పుడు టీమ్‌కి సరైన క్వార్టర్‌బ్యాక్ లేడు, భయం అక్కడే ఉండేది.

ప్రశ్న: ఆటగాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే, హెడ్ కోచ్‌లలో మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీనికి ఏదో రూల్ ఉందంటారు కదా? (విద్యార్థి, అట్లాంటా)

రూనీ రూల్ అంటారు. 2003లో వచ్చింది, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ యజమాని డాన్ రూనీ పేరు మీద. హెడ్ కోచ్‌ను తీసుకునేముందు మైనారిటీ వర్గాల నుంచి బయటి అభ్యర్థులను కనీసం ఇద్దరిని ఇంటర్వ్యూ చేయాలి. ఇంటర్వ్యూ చేయమంటుంది, ఉద్యోగం ఇవ్వమనదు. చిక్కంతా అక్కడే ఉంది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జెరాడ్ మేయోను ఒకే ఒక్క సీజన్ తర్వాత తీసేసింది. పాత ఆటగాడు మైక్ వ్రేబుల్‌ను తెస్తారని ఊరంతా అనుకుంటుండగానే, అప్పటికి ఏ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లోనూ లేని ఇద్దరు నల్లజాతి కోచ్‌లను చకచకా ఇంటర్వ్యూ చేసి, తర్వాత వ్రేబుల్‌నే ప్రకటించింది. వ్రేబుల్ మంచి కోచ్, అందులో సందేహం లేదు. కానీ పిలిచిన ఆ ఇద్దరికీ నిజంగా అవకాశం ఉందా అని అడిగితే ఎవరు ఔనంటారు? రైడర్స్ కూడా ఆంటోనియో పియర్స్‌ను పూర్తిగా ఒక్క సీజనే ఉండనిచ్చింది. ఈసారి ఏడు ఉద్యోగాల్లో నల్లజాతి కోచ్‌కి వచ్చింది ఒక్కటే, గ్లెన్‌కి. ఇది సిగ్గుపడాల్సిన లెక్క.

ప్రశ్న: మిగతా ఆరు టీమ్‌లూ జనవరిలోనే కోచ్‌ని తెచ్చుకుంటే న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఫిబ్రవరి దాకా ఎందుకు ఆగింది? (ఎడిసన్, న్యూజెర్సీ)

వాళ్లు తీసుకున్నది కెలెన్ మూర్‌ని. పైన ఫ్రిస్కో జవాబులో చెప్పినవాడే. సూపర్ బౌల్ ఆడుతున్న టీమ్ కోచ్‌తో ఆట అయ్యేదాకా సంతకం పెట్టించకూడదు. కాబట్టి ఆగారు, ఆట అయిన రెండు రోజులకు ప్రకటించారు. ఆ సూపర్ బౌల్ జరిగింది సెయింట్స్ సొంత మైదానం సూపర్‌డోమ్‌లోనే, అంటే మూర్ తన కొత్త ఆఫీసులోనే కప్పు గెలిచాడన్నమాట. అప్పటికి 36 ఏళ్లే. అప్పుడు లీగ్‌లో ఇంతకన్నా చిన్న హెడ్ కోచ్ లేడు.

పని మాత్రం తేలిక కాదు. 5 ఆటలే గెలిచిన టీమ్, జీతాల పరిమితి మీద పాత బాకీలు బోలెడున్నాయి. ఫిలడెల్ఫియాలో మూర్ ముందు లీగ్‌లోకెల్లా గట్టి లైన్ ఉండేది, సేక్వాన్ బార్క్‌లీ రెగ్యులర్ సీజన్లో 2,005 గజాలు పరిగెత్తింది ఆ లైన్ వెనకే. న్యూ ఆర్లియన్స్‌లో అది లేదు. 2025 ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో 9వ ఎంపిక సెయింట్స్‌ది. కొత్త క్వార్టర్‌బ్యాక్ కావాలని అభిమానులు గొడవ పెట్టినా సరే, నేనైతే ఆ ఎంపికతో లైన్‌లో నిలబడే మనిషినే తెచ్చేవాణ్ని.