మిద్దె కొలిచాక కాదు, ఈబీ కార్డు చూశాక చెప్పాలి

ప్రశ్న: మాది చెన్నై కొళత్తూరు. టీచరుగా రిటైరయ్యాను, వయసు 64. నెలకు 38 వేలు పెన్షన్. కింద నేనొక్కదాన్నే ఉంటాను. పై వాటా అద్దెకిచ్చాను, దానికి మీటరు వేరు. 5 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. ఎండాకాలంలో కరెంటు బిల్లు 6 వేల దగ్గరికి వస్తోంది. సోలార్ కంపెనీ అబ్బాయి వచ్చి, 5 కిలోవాట్లు పెట్టించుకుంటే బిల్లు సున్నా అంటున్నాడు. 3,30,000 అవుతుందట, 78 వేలు సబ్సిడీ వస్తుందట. 2 కిలోవాట్లకు 1,45,000 అని రాసిచ్చాడు గానీ, అంత చిన్నది పెట్టడం దండగ అన్నాడు. రెండు కొటేషన్లూ 2025 ఆగస్టువి. ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో వేయమని హైదరాబాదు నుంచి మా అబ్బాయి పోరుతున్నాడు. బెంగళూరులో మా మరిది మాత్రం 5 కిలోవాట్లే పెట్టించాడు. మిచౌంగ్ తుఫానప్పుడు మూడు రోజులు చీకట్లో ఉన్నాం. సోలార్ ఉంటే ఆ బాధ తప్పుతుంది కదా? ఏం చేయమంటారు?

జవాబు: టీచరుగారూ, ఆ అబ్బాయి మీ మిద్దె కొలిచి లెక్క చెప్పాడు. నేను మీరు ఫొటో తీసి పంపిన ఈబీ కార్డు, అంటే కరెంటు బోర్డు వాళ్ళు మీటరు రీడింగులు రాసే కార్డు, చూసి చెబుతున్నాను. అందుకే మా ఇద్దరి లెక్కలూ కలవవు.

కార్డు మీద రెండు నెలలకొకటి చొప్పున ఏడాదికి ఆరు రీడింగులున్నాయి. ఎండాకాలం బిల్లులు రెండూ 900 యూనిట్లకు అటూ ఇటూ. ఇంకో రెండు 650 దగ్గర. చలికాలంవి రెండూ 480 దగ్గర. మొత్తం కలిపితే ఏడాదికి 4,060 యూనిట్లు. దీన్ని పక్కన రాసి పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

చెన్నైలో కరెంటు రేటు మెట్లెక్కినట్టు పెరుగుతుంది. రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. 500 దాటని ఇంటికి తర్వాతి వంద యూనిట్లు 2.35 చొప్పున, 201 నుంచి 400 దాకా 4.70, ఆఖరి వంద 6.30. సరిగ్గా 500 కాలిస్తే బిల్లు 1,805 రూపాయలు. 501 అయిందనుకోండి, కింది మెట్ల రాయితీ కూడా పోతుంది. 101 నుంచి 400 దాకా 4.80, ఆ పై వందకు 6.45, దాని పైన 8.55. బిల్లు 2,093 దాటుతుంది. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 288 రూపాయలు! ఏసీ ఇంకో గంట తిరిగినందుకు అంత. ఇక అక్కడి నుంచి 601 దాటితే 9.65, 801 దాటితే 10.70, వెయ్యి దాటితే 11.80. ఇవి 2024 జూలైలో వచ్చిన రేట్లు. 2025 జూలై పెంపును ఇళ్ళ వరకు ప్రభుత్వమే భరించింది. మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు మీ బిల్లు చూడండి. ఎండాకాలంలో కట్టే 5,940 రూపాయల్లో కింది 500 యూనిట్లకు పడేది 2,085. పైనున్న 400 యూనిట్లకే 3,855. మీ జేబుకు చిల్లు పెడుతున్నది ఆ పై మెట్లు. సోలార్ ముందు కోసేదీ వాటినే, ఎందుకంటే ఈబీ వాళ్ళ దగ్గర తీసుకున్న యూనిట్లలోంచి మీరు వాళ్ళకిచ్చినవి తీసేసి, మిగిలినదానికే బిల్లు వేస్తారు.

చెన్నై ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. మబ్బులు, దుమ్ము అన్నీ పోను 2 కిలోవాట్లకు రెండు నెలలకు 465 యూనిట్లు అనుకుందాం. వానాకాలంలో కాస్త తగ్గి, ఎండాకాలంలో కాస్త పెరుగుతుంది. మీ 900 కాస్తా 435 అవుతుంది, బిల్లు 5,940 నుంచి 1,400 లోపుకు దిగుతుంది. 650 వచ్చే నెలల్లో 3,422 కట్టే చోట 200 కడతారు. చలికాలంలో మిగిలేది ఉచిత యూనిట్లలోనే పోతుంది. అన్నీ కలిపితే ఏడాదికి మిగిలేది సుమారు 18,900 రూపాయలు. సబ్సిడీ 60 వేలు పోను మీ చేతి నుంచి పడేది 85 వేలు. నాలుగున్నరేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది.

మరి 5 కిలోవాట్లో? మీ ఏడాది బిల్లులన్నీ కలిపినా 22 వేల చిల్లరే. బిల్లు సున్నా అయినా అంతకు మించి మిగలదు కదా. సబ్సిడీ పోను మీరు పెట్టేది 2,52,000. అంటే 2 కిలోవాట్లతో పోలిస్తే 1,67,000 ఎక్కువ పెట్టి, ఏడాదికి 3,200 ఎక్కువ సంపాదిస్తారు. రెండు శాతం కూడా రాదు. పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా నయం. 5 కిలోవాట్లు ఏడాదికి 7 వేల యూనిట్లు ఇస్తే మీరు వాడేది 4,060. మిగులు యూనిట్లకు మీరు పై మెట్ల మీద కట్టే తొమ్మిది, పది రూపాయల రేటు ఎవరూ ఇవ్వరు. సబ్సిడీ కూడా 78 వేల దగ్గర ఆగిపోతుంది. 3 కిలోవాట్లకు ఎంతో, 5 కిలోవాట్లకూ అంతే. ఆ మాట ఆ అబ్బాయి మీకు చెప్పి ఉండడు.

మధ్యలో 3 కిలోవాట్లు పెడితే సబ్సిడీ 18 వేలు పెరుగుతుంది, ఆదా మాత్రం ఏడాదికి 2,700 పెరుగుతుంది. ఇంకో ఏసీ పెట్టే ఆలోచనో, మీ అబ్బాయి కుటుంబం వచ్చి ఉండే అవకాశమో ఉంటే ఆలోచించండి. లేకపోతే 2 చాలు. పై వాటా వాళ్ళ కరెంటు ఇందులో కలపకండి. వాళ్ళ మీటరుకు సోలార్ పెడితే తగ్గేది వాళ్ళ బిల్లు, ఖర్చు మీది.

మీ మరిదిగారి సంగతి. ఆయన చేసింది తప్పని నేననను, కానీ ఆ ఊరి లెక్క వేరు. బెంగళూరులో మెట్లు లేవు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన రేటు ప్రకారం ఎన్ని యూనిట్లు కాల్చినా యూనిట్‌కు 5.80, దాని మీద పన్ను, సర్‌చార్జీ. అక్కడ మొదటి కిలోవాట్ ఎంత మిగిలిస్తుందో, వాడకం ఉన్నంతవరకూ మూడోదీ అంతే మిగిలిస్తుంది. మనకు మొదటిది బంగారం, రెండోది వెండి, మూడోది ఇత్తడి. ఇంకో తమాషా ఏమిటంటే, అక్కడ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు ఉచితంగా వాడుకునే ఇంటికి సోలార్ వల్ల మిగిలేది ఏమీ ఉండదు. ఊరు మారితే జవాబు తలకిందులవుతుంది. అందుకే బంధువుల లెక్క చూసి ఇలాంటివి కొనొద్దంటాను.

తుఫాను మాట కొంచెం బాధగానే చెప్పాలి. మీరు పెట్టించబోయేది ఈబీ లైనుతో కలిసి నడిచే సోలార్. లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. లోపం కాదది, కావాలనే అలా పెట్టారు. తెగిన తీగ బాగుచేయడానికి స్తంభం ఎక్కిన మనిషికి, మీ మిద్దె మీది కరెంటు ఎదురొచ్చి తగలకూడదు కదా. 2023 డిసెంబరులో మీ మిద్దె మీద 5 కిలోవాట్లు ఉన్నా ఆ మూడు రోజులూ చీకటే. ఫ్యాను, రెండు లైట్లు, ఫోన్ చార్జింగ్ నడవాలంటే మామూలు ఇన్వర్టరు, బ్యాటరీ ఉంచుకోండి. సోలార్‌కు పెద్ద బ్యాటరీ కలిపి కొనమంటే మాత్రం, ఈ ఒక్క తుఫాను భయంతో కొనకండి. పైన వేసిన లెక్కంతా అక్కడ తారుమారైపోతుంది.

ఇంకో సంగతి. ఈ ఏర్పాటులో ఈబీ మీకు ఒక రకం బ్యాంకు. (2024లో దాన్ని విడగొట్టి పంపిణీకి వేరే సంస్థ పెట్టారు. మనకు ఇప్పటికీ అది ఈబీయే.) పగలు మీరు వాడని యూనిట్లు వాళ్ళ దగ్గర జమవుతాయి, రాత్రి ఏసీ వేసినప్పుడు వెనక్కి తీసుకుంటారు. కానీ పగటి పూట మిద్దెలన్నీ ఇచ్చేది ఎక్కువై, పొద్దుగూకాక ఊరంతా ఒక్కసారి అడిగితే ఆ సర్దుబాటు ఖర్చు వాళ్ళదే. ఇప్పుడు మాత్రం నిబంధనలు మీ వైపే ఉన్నాయి. 2024లో కేంద్రం మార్చిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. 5 కిలోవాట్ల లోపు వాటి కోసం మీ వీధి లైను బలపరచాల్సి వస్తే ఖర్చు పంపిణీ సంస్థదే. ట్రాన్స్‌ఫార్మర్ కోసమని ఎవరైనా డబ్బడిగితే ఈ మాట చెప్పండి. అయితే ఇవే షరతులు 25 ఏళ్ళు ఉంటాయని నేను మాటివ్వలేను. నాలుగున్నరేళ్ళలో తిరిగొచ్చే పెట్టుబడికి ఆ టెన్షన్ లేదు. పదకొండేళ్ళు దాటాక గానీ తిరిగిరాని 5 కిలోవాట్లకు ఉంది.

డబ్బు ఎలా కట్టాలంటే, సబ్సిడీ ముందు రాదు. ఈ సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీ ఈబీ నంబరుతో నమోదు చేసి, అక్కడి జాబితాలో ఉన్న విక్రేతతోనే పెట్టించాలి. మీరు తీసుకున్నవీ ఇచ్చినవీ రెండూ లెక్కపెట్టే నెట్ మీటరు బిగించాక సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. కాబట్టి మొదట 1,45,000 మొత్తం మీ చేతిలో ఉండాలి. "సబ్సిడీ మేం తీసుకుంటాం, మీరు తక్కువ కట్టండి" అనేవాళ్ళను గేటు దగ్గరే ఆపండి. ప్యానెళ్ళలోని సెల్‌లు కూడా దేశంలో తయారైనవైతేనే సబ్సిడీ. అది బిల్లు మీద రాయించుకోండి. మీ కొటేషన్ ఆగస్టుది అన్నారు కదా, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త కొటేషన్ అడగండి, పాత ధరకే ఒప్పుకోకండి.

ఈ పథకం కింద హామీ లేకుండా బ్యాంకు లోన్ కూడా ఉంది, రెపో రేటుకు (రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) అర శాతం ఎక్కువ వడ్డీతో. వడ్డీ చవకే. కానీ ఎఫ్‌డీ ఎలాగూ వచ్చే నెల చేతికొస్తోంది, పెనాల్టీ లేదు. 64 ఏళ్ళకు 85 వేల కోసం ఈఎంఐ దేనికి? అయిదు లక్షల్లోంచి 1,45,000 తీసి, 3,55,000 మళ్ళీ ఎఫ్‌డీ వేయండి. సబ్సిడీ 60 వేలు రాగానే దాన్నీ అందులోనే కలపండి. నెలకు 250 రూపాయల ఆర్‌డీ ఒకటి తెరవండి. ఎనిమిదో ఏటో పదో ఏటో సోలార్ ఇన్వర్టరు మార్చాల్సి వస్తే అది పనికొస్తుంది.

మీ అబ్బాయి మాటలో కొంత న్యాయం ఉంది, కానీ ఎఫ్‌డీ మొత్తం ఫండ్‌లో వేయడానికి నేను ఒప్పుకోను. అది మీ హాస్పిటల్ డబ్బు. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ముందు దాని సంగతి చూడండి. ఫండ్ కావాలంటే బిల్లులో మిగిలినదాంట్లోంచి నెలకు వెయ్యి సిప్ వేసుకోండి. ఆదా అయిన బిల్లు మీద పన్ను లేదనీ, ఫండ్ లాభం మీద ఉండొచ్చనీ అబ్బాయికి కూడా చెప్పండి.

ఇక సంతకం పెట్టే ముందు ఒక పని ఉంది. మా ఇంటి మీద పెట్టించినప్పుడు పొద్దున పది గంటలకు మిద్దె చూసి సరే అనేశాను. నవంబరులో తెలిసింది, మూడు దాటితే వాటర్ ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద పడుతోందని. ఒకదాని మీద నీడ పడితే దానితో కలిపి తీగ గుచ్చిన మిగతావీ నీరసిస్తాయి. పైపులు మార్చి ట్యాంకు జరపడానికి నాకు 7 వేలు వదిలాయి. 2 కిలోవాట్లకు 200 చదరపు అడుగులు చాలు, దక్షిణానికి వాలుగా. మీరు బట్టలు, వడియాలు ఎండబెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. మీ మోకాళ్ళతో మెట్లెక్కకండి. పై వాటా వాళ్ళ అబ్బాయిని పంపి పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎక్కడిదాకా పడుతున్నాయో సుద్దముక్కతో గీయించండి. సుద్దముక్కలు మీ ఇంట్లో ఉండే ఉంటాయి. ఆ గీతల బయటే ప్యానెళ్ళు బిగించాలని కొటేషన్‌లో రాయించాకే అడ్వాన్సు ఇవ్వండి.