క్రోన్స్ అనుమానం ఉంటే ముందు టీబీ మందులు ఎందుకు?

వరంగల్‌లో డాక్టర్‌గారు మీ తమ్ముడికి క్రోన్స్ (పేగుల్లో ఏళ్లతరబడి వాపు, పుండ్లు వచ్చే జబ్బు) కావచ్చంటూనే టీబీ మందులు ఎందుకు రాశారని అడిగారు. టెన్షన్ పడకండి, ఇది తెలిసి చేసే పనే. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట క్రోన్స్, పేగు టీబీ రెండూ ఒకేలాంటి పుండ్లు పెడతాయి. కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చూసినా, ముక్క తీసి బయాప్సీకి పంపినా చాలాసార్లు తేలదు. మన గ్యాస్ట్రో డాక్టర్లు ఏళ్లుగా పరిశోధిస్తున్న చిక్కు ఇదే. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే అది ముదిరి ఒళ్లంతా పాకే ప్రమాదముంది. అందుకే రెండు మూడు నెలలు టీబీ మందులు వాడించి, మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. టీబీ అయితే పుండ్లు మానతాయి, కోర్సు పూర్తిచేయిస్తారు. కడుపునొప్పి తగ్గిందని ఆ రెండో పరీక్ష మాత్రం ఎగ్గొట్టకండి. క్రోన్స్‌లోనూ నొప్పి కొన్నాళ్లు తగ్గొచ్చు. చూపించుకోడానికి హైదరాబాద్ వెళ్తే బయాప్సీ బ్లాకులూ (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మెలు) వెంట తీసుకెళ్లండి.