కలం పేరు వెనక ఉన్నదెవరో విలేకరి రాసేస్తానంటున్నాడు, ఆపించొచ్చా?

ప్రశ్న: నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. ఐదేళ్లుగా కలం పేరుతో కథలు రాస్తున్నాను. ఒక విలేకరి ఫోన్ చేసి నా అసలు పేరు, ఆఫీసు వివరాలతో వార్త వేస్తానన్నాడు. కోర్టుకెళ్లి ఆపించవచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కష్టమేనమ్మా. విచారణ జరగకముందే వార్తల మీద తొందరపడి ఇంజంక్షన్లు (వేయకుండా ఆపే ఉత్తర్వులు) ఇవ్వొద్దని 2024లో బ్లూంబర్గ్ వార్తాసంస్థ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు గట్టిగానే చెప్పింది. పరువునష్టం దావా కూడా నిలవదు, రాసింది మీరేనన్నది నిజం, పైగా కథలు రాయడం పరువు తక్కువ పనేం కాదు కదా.

అసలు మీ పేరు అతని చేతికెలా వచ్చింది? కేసంతా అక్కడుంది. పారితోషికం కోసం పత్రికకు మీరిచ్చిన బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ అక్కడి నుంచే బయటికి పొక్కితే, నమ్మి ఇచ్చిన వివరాలు బయటపెట్టారని ఆ పత్రికకు నోటీసివ్వొచ్చు. మీ మెయిల్‌లోకి దూరితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం. ఇంగ్లండులో ‘నైట్ జాక్’ పేరుతో రాసిన లాంకషైర్ డిటెక్టివ్‌కు ఇదే జరిగింది. 2009లో తన పేరు వేయకుండా ‘ద టైమ్స్’ను ఆపమంటే కోర్టు ఒప్పుకోలేదు, పేరు అచ్చయిపోయింది. తీరా చూస్తే విలేకరి ఆయన మెయిల్‌లోకి చొరబడ్డాడని తేలి, 2012లో పత్రిక 42,500 పౌండ్ల పరిహారం కట్టుకోవాల్సి వచ్చింది. మీ విలేకరి డబ్బులేమైనా అడిగాడా? అడిగితే మాత్రం అది వార్త కాదు, బెదిరించి గుంజడం, దానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 ఉంది.

నాకైతే విలేకరి కంటే మీ ఆఫీసే ఎక్కువ టెన్షన్. మీ కాండక్ట్ రూల్స్‌లో 8వ రూలు సాహిత్యాన్ని వదిలేస్తుంది గానీ, ప్రభుత్వ విధానాల్ని విమర్శిస్తే మారుపేరుతో రాసినా తప్పేనని 9వ రూలు పేరుపెట్టి మరీ చెబుతుంది. అలాంటి కథలేమైనా ఉంటే నోటీసు పంపేముందు నాకు చూపించండి.

ఈలోగా ఆ విలేకరి పత్రిక ఎడిటర్‌కు ఉత్తరం రాయండి. కథల్లో మీ ఉద్యోగానికి సంబంధించిందేమీ లేకపోతే, ఆఫీసు పేరు వేయడంలో ప్రజలకు ఒరిగేదేమిటని అడగండి. అనుమతి లేకుండా వ్యక్తిగత విషయాలు అచ్చేస్తే నష్టపరిహారం కోరవచ్చని 1994 నాటి సుప్రీంకోర్టు రాజగోపాల్ తీర్పులో ఉంది, అదీ రాయండి. అయినా వేస్తే రెండు నెలల్లోపు, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, కాకపోతే వాళ్లు మందలించగలరే తప్ప జరిమానా వేయలేరు. అతను మళ్లీ ఫోన్ చేస్తే ‘అవును, నేనే’ అనకండి, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి.