సందుగలో దొరికిన తాత మిలిట్రీ సామాను: అల్లునికి ఒక లేఖ

నల్లగొండ

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు.

మీ తాత సందుగ తెరిచామని, అందులో రెండు యూనిఫాంలు, ఒక తల్వారు, నాలుగు మెడల్స్, కొన్ని ఉర్దూ కాగితాలు దొరికాయని రాశావు. చాలా సంతోషం. అయితే ముందు ఒక మాట విను. దేన్నీ తోమకు, ఉతకకు, ఇస్త్రీ చెయ్యకు. ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో మెడల్ తోమితే రెండు నిమిషాల్లో మెరుస్తుంది. కానీ దాని అంచు మీద సన్నగా కొట్టిన నంబరు, పేరు అరిగిపోతాయి. ఆ పేరు పోతే అది మీ తాత మెడల్ అని చెప్పడానికి ఇంకేం మిగలదు.

సామాను ఇంకా సందుగలోనే ఉంటే, ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీయి. ఏది పైన ఉంది, ఏది దేనిలో చుట్టి ఉంది అన్నది కూడా ఆధారమే. తర్వాత ఒక్కొక్కటి బయటికి తీసి, తెల్ల నూలు టేపు ముక్క మీద పెన్సిల్‌తో నంబరు రాసి వదులుగా కట్టు. పెన్ను వద్దు, సిరా చెమ్మకు పాకుతుంది. ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుని ప్రతి నంబరుకు ఒక పేజీ ఇవ్వు. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, దాని గురించి ఎవరు ఏం చెప్పారు, అన్నీ అందులో రాయి. "తాత బర్మా పోయిండట" అని మీ పెద్దనాయిన అంటే, ఆయన అన్నాడనే రాయి. కాగితంలో కనిపించేదాకా దాన్ని నిజమని రాయొద్దు. యూనిఫాం జేబులన్నీ వెతుకు. లీవు చీటీ, రైలు వారెంటు (టికెట్టు కోసం మిలిట్రీ ఇచ్చే చీటీ), మడిచిన ఉత్తరం లాంటివి అక్కడే ఉంటాయి.

కాగితాల్లో అన్నిటికన్నా ముఖ్యం సైన్యం వదిలినప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితం. వాటిలో ఆర్మీ నంబరు, ట్రేడు (చేసిన పని), యూనిట్, చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి. నంబరు దొరికితే సగం పని అయినట్టే. జేసీఓల (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) నంబరు ముందు జేసీ అని, చాలామంది ఆఫీసర్ల నంబరు ముందు ఐసీ అని ఉంటుంది. ఆ నంబరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా రాసి ఆ దళం రికార్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో దరఖాస్తు పంపు. మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌ది బెంగళూరులో, ఆర్టిలరీ (ఫిరంగుల దళం)ది నాసిక్ రోడ్డులో, ఈఎంఈ (మిలిట్రీ బండ్లు, యంత్రాలు బాగుచేసే దళం)ది సికింద్రాబాద్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో ఉన్నాయి. మీ నాయిన వారసుడని చూపే కాగితం జతచెయ్యి. అది లేకపోతే మూడో మనిషి వివరాలని తిప్పి పంపుతారు. ఇంకొకటి, పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళ రికార్డులను 25 ఏళ్ళ తర్వాత తీసేసే నిబంధన ఉంది. మీ తాతకు పెన్షన్ వచ్చేదా అన్నది మీ నానమ్మను ముందే అడుగు. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు.

ఉర్దూ కాగితాల మీద 1350 లాంటి సంవత్సరం ఉంటే కంగారు పడకు, అది నిజాం కాలపు సర్కారు లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం. ఆ సంవత్సరం అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం తెలియాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. ఆ పాత చేతిరాత చదవగలిగిన పెద్దమనిషిని పట్టుకుని, ఆయన చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకో. నిజాం సర్కారు రికార్డులకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. కాగితం మీద '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని కనిపిస్తే అది నిజాం సొంత సైన్యం అనుకోవద్దు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంట్‌గా మారింది, కేంద్రం రాణిఖేత్‌లో ఉంది. నిజాం సైన్యం వేరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత అది రద్దయింది. మన జిల్లాల్లో ఆ కాలపు ఖాకీ బట్ట దొరికితే అది నిజాం సిపాయిది కావచ్చు, పోలీసుది కావచ్చు, రజాకారుది కావచ్చు, కమ్యూనిస్టు దళంలో తిరిగినవానిదీ కావచ్చు. గర్వం కోసమో సిగ్గుపడో లేబుల్ మార్చకు. తేలకపోతే 'ఖాకీ చొక్కా' అని మాత్రమే రాసి వదిలెయ్యి.

మెడల్స్ అంచును ఏటవాలుగా టార్చి పట్టి ఫోటో తీయి. స్వాతంత్ర్యం తర్వాతి మన మెడల్స్ అంచు మీద నంబరు, పేరు ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధపు స్టార్లు (నక్షత్రం ఆకారపు మెడల్స్) పేరు లేకుండా ఉండటం మామూలే, దానికి నకిలీ అని భయపడకు. సమర్ సేవా స్టార్ 1965 యుద్ధానిది, పూర్వీ, పశ్చిమీ స్టార్లు 1971వి. రిబ్బన్ చిరిగినా మార్చకు. నాలుగూ ఒకే బార్‌కు (పట్టీకి) కుట్టి ఉంటే విడదియ్యకు, ఆ వరస కూడా ఒక రికార్డే.

తల్వారు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మామూలు పదాతి సిపాయికి ప్రభుత్వం తల్వారు ఇవ్వదు. గుర్రపు దళంవాళ్ళకు ఇచ్చేవారు, ఆఫీసర్లు కొనుక్కునేవారు. కాబట్టి తాత సందుగలో ఉన్నంత మాత్రాన అది మిలిట్రీది అనుకోవద్దు, పెళ్ళిదో పటేల్ ఇంటిదో కావచ్చు. విల్కిన్సన్ అనే ఇంగ్లాండు కంపెనీ కత్తి అయితే వీపు మీద నంబరు వెతుకు. గుండ్రటి బిళ్ళ పిడి ఉన్న దేశీ తల్వారు అయితే, దాని మొదలును పిడిలో లక్కతో బిగించి ఉంటారు. ఎండలో పెట్టినా, వేడినీళ్ళు పోసినా లక్క మెత్తబడి పిడి ఊడవచ్చు. ఉప్పుకాగితం అసలు తాకించకు. నూలు చేతితొడుగులు వేసుకుని కుట్టుమిషను నూనెను పలుచగా పట్టించు. కొబ్బరినూనె ముక్కిపోతుంది, వద్దు. తోలు ఒరలో పెట్టి ఉంచకు. తోలు ఆమ్లం, చెమ్మ కలిసి ఇనుమును తినేస్తాయి. ఒర పక్కన, కత్తి పక్కన, రెండూ నూలు గుడ్డలో ఉండాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1959 ఆయుధాల చట్టం కింద తల్వార్లు ఆయుధాల జాబితాలోనే ఉన్నాయి. లైసెన్సు కావాలా అన్నది ఆ ప్రాంతానికి వచ్చిన ప్రభుత్వ నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. అందుకని పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, నకలు దగ్గర ఉంచుకో. నూరేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని విదేశాలకు పంపకూడదు. సందుగలో తూటా ఏదైనా కనిపిస్తే మాత్రం ముట్టుకోకు, వెంటనే పోలీసులకు ఫోన్ చెయ్యి.

బట్టలకు మన వానాకాలపు చెమ్మ, చెద, పురుగు, ముగ్గురూ శత్రువులే. ఉన్ని కోటులో పురుగు ఉంటే, ఇత్తడి, తోలు భాగాలు లేని బట్టను మాత్రం పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచు. తీశాక ఒక రోజు ఆగి విప్పు, లేకపోతే చెమ్మ పడుతుంది. నిలువ ఉంచేటప్పుడు గంజి లేని, రెండుసార్లు ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టు, మడతల్లో అదే గుడ్డ ఉండలు పెట్టు. ప్లాస్టిక్ కవరు వద్దు. వేపాకు పచ్చిది పెడితే మరక అవుతుంది, ఎండబెట్టి మూటగట్టాలి. గుండీలు చూడు, కిరీటం ఉంటే 1950కి ముందువి, అశోక సింహాలుంటే తర్వాతివి. కాగితాలు లామినేషన్ చేయించకు, సెల్లోటేపు అంటించకు. కాగితాలు 300, ఫోటోలు 600 డీపీఐలో స్కాన్ చేసి రెండు చోట్ల దాచు.

హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో ఇలాంటివి ఇంకా కొనాలని ఉందన్నావు. కొను, కానీ అమ్మినవాడు చెప్పిన కథ నోటుబుక్కులో అమ్మినవాడి కథగానే ఉండాలి. ఏ ఇంటివాళ్ళైనా ఇరుకున పడి మెడల్ అమ్ముతుంటే, డబ్బు ఇవ్వకముందే స్కాన్ తీసి వాళ్ళ చేతికి ఒక కాపీ ఇవ్వు.

ఈ ఆదివారం ఫోన్ చార్జి చేసుకుని మీ నానమ్మ దగ్గర కూర్చో. తాత లీవు మీద ఊరికి వచ్చినప్పుడు ఏం తొడుక్కుని వచ్చేవాడో, ఏ ఊరి ముద్రతో ఉత్తరాలు వచ్చేవో అడుగు. కాగితాలు చూపించకముందే అడుగు, లేకపోతే చూసిందే చెబుతుంది.

మీ మామ