సేవకే టైం చాలకపోతే ప్రార్థన ఎప్పుడు?

అక్కా, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక విజయవాడ గుణదలలోని మీ సేవా గ్రూపు రోగులను చూడడానికి ఆసుపత్రికి వెళ్తోందనీ, ఆ హడావుడిలో జపమాల (పూసలు లెక్కపెడుతూ మరియమాతకు చెప్పుకునే ప్రార్థన) మానేశారనీ, ఇప్పుడు సగం మంది రావడమే లేదనీ రాశారు. ముందు జపమాల మళ్ళీ మొదలుపెట్టండి. మనుషులు వాళ్ళే వస్తారని నా గట్టి నమ్మకం.

జపమాలలోని ఐదు పదులకు, అంటే పదేసి జపాల ఐదు వరుసలకు, ఇరవై నిమిషాలు చాలు. బయలుదేరే ముందు గుడిలోనే చెప్పుకోండి. ఒక్కో పదికి ముందు, పోయినవారం చూసిన ఒక రోగిని పేరు పెట్టి తలుచుకోండి. అలా తలుచుకున్న మనిషి చేతిలో పళ్ళ కవరు పెట్టేసి పక్క మంచానికి పరిగెత్తలేం. స్టూలు లాక్కుని కూర్చుంటాం, "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని అడుగుతాం. వార్డులో మాత్రం వాళ్ళు అడిగితేనే ప్రార్థించండి, అదీ ఒక్క పరలోక జపం ("పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన) చాలు.

"ప్రార్థనతో కడుపు నిండుతుందా?" అన్నవారికి మదర్ తెరేసా సిస్టర్ల సంగతి చెప్పండి. అంత పనిలోనూ 1973 నుంచి రోజూ గంటసేపు ఆరాధన చేస్తున్నారు.

నడవలేని పెద్దవాళ్ళను వదిలేయకండి. రోగుల పేర్లు రాసిస్తే ఇంట్లోనే ప్రార్థిస్తారు. 24 ఏళ్ళకే 1897లో కన్నుమూసిన ఫ్రాన్సు మఠకన్య చిన్న తెరేజమ్మ మఠం దాటి వేదప్రచారానికి వెళ్ళిందే లేదు. అయినా 1927లో పోపుగారు ఆమెను వేదప్రచారానికి పాలక పునీతగా, అంటే ఆ పనికి అండగా నిలిచే పునీతగా, ప్రకటించారు. మీ ముసలమ్మలకు ఈ మాట తప్పకుండా చెప్పండి, చాలా సంతోషిస్తారు.

ఫిబ్రవరి 11 గుణదల మాత ఉత్సవాల రద్దీలో మీవాళ్ళంతా మాత గుడి ఉన్న కొండ దగ్గరే ఉంటారు కాబట్టి, ఆ వారం ఆసుపత్రి రోజు ముందే మార్చుకోండి.