ఆర్థో వార్డులో డాక్టర్‌గా చేరిన మేనకోడలికి

అమ్మాయ్,

ఉత్తరం అందింది. ఎముకలు, కీళ్లు చూసే ఆర్థోలో చేరి అప్పుడే పనిలో పడిపోయావన్నమాట. ఎక్స్‌రేలు గబగబా చదవడం ఎలా అలవడుతుందని అడిగావు. చెబుతాను గానీ, ముందు ఎక్స్‌రే చూడకుండా ఎంతవరకు చెప్పగలవో చూసుకో. ఫిల్మ్ చేతికి రాగానే వెలుగుకేసి ఎత్తి చూడటం మన డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఉన్న జబ్బే. నువ్వు దాన్ని టేబుల్ మీద బోర్లించు. పేషెంట్‌తో మాట్లాడి, చేత్తో పట్టి చూసి, ఇది ఫలానా అయి ఉంటుందని మనసులో ఒక మాట అనుకున్నాకే తిప్పి చూడు. ఫిల్మ్ ముందు చూశావంటే, ఆ తర్వాత నీ చెయ్యి ఫిల్మ్ చెప్పినదాన్నే వెతుకుతుంది, మిగతాది వదిలేస్తుంది.

పేషెంట్ తలుపులోంచి నడిచి వస్తున్నప్పుడే పరీక్ష మొదలైనట్టు. కుంటుతున్నాడా, ఏ కాలి మీద ఎక్కువసేపు నిలవలేకపోతున్నాడు, కూర్చునేటప్పుడు చెయ్యి దేనికి ఆన్చాడు, అన్నీ చూడు. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమను. ఒక్క వేలితో చూపిస్తే పని సగం అయిపోయింది. అరచేత్తో తొడంతా రాసి చూపిస్తే ఆ నొప్పి ఇంకెక్కడినుంచో వస్తోందేమో ఆలోచించు. బాగున్న వైపు ముందు చూడు, నొప్పి ఉన్న చోట చివర్లో ముట్టుకో. నొక్కేటప్పుడు నీ కళ్లు నీ వేలి మీద కాదు, అతని ముఖం మీద ఉండాలి. తనంతట తాను చెయ్యి ఎత్తలేక, నువ్వు ఎత్తితే పూర్తిగా లేస్తే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ గురించో నరం గురించో ఆలోచించు. నువ్వు ఎత్తినా రాకపోతే కీలే బిగుసుకుంది. ఈ ఒక్క తేడా చాలా జబ్బుల్ని విడదీస్తుంది.

చీలమండ మెలికపడి వచ్చేవాళ్లు నీకు రోజూ తగులుతారు. వాళ్లందరికీ ఎక్స్‌రే అక్కర్లేదు. కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపించే ఎముకల వెనక అంచు మీద, కింది 6 సెంటీమీటర్ల మేర, చివరి కొన మీద కూడా నొక్కి చూడు. దెబ్బ తగిలిన వెంటనే గానీ, ఇప్పుడు నీ ముందు గానీ నాలుగడుగులు వేయగలిగాడా అడుగు. కుంటుతూ వేసినా వేసినట్టే. ఎముక మీద నొప్పి లేక, అడుగులు పడుతుంటే చీలమండ విరగలేదని చాలావరకు నమ్మొచ్చు. వాపు చూసి భయపడకు, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ సాగినా బాగానే వాస్తుంది. పాదం బయటి అంచున చిటికెన వేలి ఎముక మొదలు, లోపలి వైపు నావిక్యులర్ అనే చిన్న ఎముక నొక్కడం మాత్రం మరవకు. తాగి ఉన్నవాడికి, పాదాల్లో స్పర్శ తగ్గినవాడికి ఈ లెక్క వర్తించదు.

ఇక ఫిల్మ్ చదవడం. ఒక వైపునుంచి తీసిన ఒక్క వ్యూతో ఎప్పుడూ తీర్పు చెప్పకు, రెండు కావాలి. విరిగిన ఎముకకు పైకీలు, కిందికీలు కూడా ఫిల్మ్‌లో పడాలి. ప్రతి ఎముక అంచునీ పెన్ను మొనతో ఒక చివరినుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి రా. విరిగిన చోటు ఒకటి దొరకగానే ఆగిపోవద్దు, రెండోదాన్ని వదిలేసేది అక్కడే. అంతే, మిగతాది చూస్తూ ఉంటే అదే వస్తుంది.

ఫిల్మ్ బాగుందని రిపోర్ట్ వచ్చినా చెయ్యి ఒప్పుకోకపోతే చెయ్యి మాటే విను. అరచెయ్యి ఆన్చి పడ్డ కుర్రాడు వస్తాడు. బొటనవేలు వెనక్కి చాపితే మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది కదా, అందులో నొక్కితే చెయ్యి లాగేసుకుంటాడు. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు. బెణుకని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపించేశావో, లోపల మణికట్టులోని చిన్న ఎముక స్కాఫాయిడ్ విరిగి ఉంటే నెలల తర్వాత అతక్కుండా తిరిగి వస్తాడు. ఆ ఎముకకు రక్తం వేళ్ల వైపు కొసనుంచి వెనక్కి పారుతుంది. మధ్యలో విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చిపోవచ్చు. అనుమానం ఉంటే కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ ఫిల్మ్ తీయించు, వీలుంటే ఎంఆర్ఐ చేయించు.

పిల్లవాడు మోకాలు నొప్పి అన్నాడంటే తుంటి చూడకుండా పంపొద్దు. తుంటికీ మోకాలికీ నరాలు ఉమ్మడి కాబట్టి, తుంటి జబ్బు మోకాలి దగ్గర నొప్పిగా తెలుస్తుంది. ముఖ్యంగా పది పదహారేళ్ల మధ్య, కాస్త ఒళ్లున్న పిల్లలు. పడుకోబెట్టి తుంటి మడిచి చూడు. మడిచేకొద్దీ కాలు తనంతట తానే బయటికి తిరిగిపోతుంటే తొడ ఎముక తల జారుతోందని అనుమానించు. పక్కనుంచి తీసిన ఫిల్మ్‌లో తేలుతుంది, నేరుగా తీసినదాంట్లో తప్పిపోవచ్చు. తేలితే ఆ క్షణంనుంచి ఆ కాలు నేల మోపనివ్వొద్దు. "రేపు నడిపించి తీసుకొస్తాం" అంటే వినకు, స్ట్రెచర్ పిలువు.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇప్పుడు చెబుతున్నాను. నైట్ డ్యూటీలో సిస్టర్ ఫోన్ చేసి, కాలికి ప్లాస్టర్ వేసిన పేషెంట్ నొప్పి ఓర్చుకోలేకపోతున్నాడు, ఇంకో ఇంజక్షన్ ఇవ్వమంటారా అని అడుగుతుంది. ఫోన్‌లో జవాబు చెప్పకు, లేచి వెళ్లు. మోకాలి కింది ఎముక విరిగినవాళ్లలో, ముఖ్యంగా కుర్రాళ్లలో, సాగని పొరల మధ్య ఉండే కండరాల గదుల్లో ఒత్తిడి పెరిగిపోయే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ రావచ్చు. దెబ్బకు మించిన నొప్పి దానికి మొదటి గుర్తు. అతన్ని మాటల్లో పెట్టి, కాలి వేళ్లను మెల్లగా పైకి కిందికి వంచి చూడు. ఆ కాస్త కదలికకే పిక్కలోనో ముందు వైపో నొప్పికి కేక వేస్తే అదే అనుకో. పిక్క చేతికి చెక్కలా తగులుతుంది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య మొద్దుబారిందేమో అడుగు.

పాదం మీద నాడి బాగా ఆడుతోంది కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకు. నాడి చివరిదాకా ఆడుతూనే ఉంటుంది, అది ఆగేసరికి కండరం పోయి ఉంటుంది. వెంటనే ప్లాస్టర్‌ను పొడుగునా చీల్చు. లోపలి దూదినీ చర్మం కనబడేదాకా కత్తిరించు. పైన చీల్చి లోపల వదిలేస్తే లాభం లేదు. కాలిని దిండ్ల మీద ఎత్తిపెట్టకు, గుండె ఎత్తులోనే ఉంచు. అప్పటికీ తగ్గకపోతే పెద్ద డాక్టర్‌ను నిద్రలేపు. తిడతారేమోనని టెన్షన్ పడకు. గదులు తెరిచే ఆపరేషన్ గంటల్లో జరగాలి, ఆరు గంటలు దాటితే కండరం కోలుకోవడం కష్టం. గాయం తెరుచుకుని ఉంది కదా, ఒత్తిడి బయటికి పోయిందిలే అనేవాళ్లూ ఉంటారు. పోదు. నొప్పి తెలియకుండా నరానికి మందు ఎక్కించిన పేషెంట్ అయితే కేక కూడా వినబడదు, కాబట్టి అతని దగ్గరికి పిలవకపోయినా వెళ్తుండాలి.

ఒకే ఒక కీలు ఎర్రగా వాచి, కాలిపోతూ, కదిలిస్తే ప్రాణం పోతున్నట్టుంటే, చీము పట్టలేదని తేలేదాకా చీమే అనుకో. సూది పెట్టి నీరు తీసి ల్యాబ్‌కు పంపాకే యాంటీబయోటిక్. ముందే మందు పడితే, సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్‌లో ఏమీ పెరగక చీకట్లో తడుముకోవాలి. కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరే గౌట్ కావచ్చు, కానీ రక్తంలో యూరిక్ యాసిడ్ చూసి తేల్చకు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో అది మామూలుగానే ఉండొచ్చు. నీటిలో స్ఫటికాలు కనబడ్డాయని కల్చర్ మానొద్దు, రెండూ కలిసి ఉండే కీళ్లున్నాయి.

కండరాలు, టెండన్ల జబ్బులు చిన్నవని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఆటలో వెనకనుంచి ఎవరో తన్నినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు అన్నాడంటే మడమ పైన అఖిలిస్ టెండన్ తెగి ఉంటుంది. పాదం కిందికి వంచగలుగుతున్నాడుగా అని మోసపోకు, ఆ పని చేసే కండరాలు వేరేవీ ఉన్నాయి. బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడనిచ్చి, పిక్కను గట్టిగా పిండు. బాగున్న కాలి పాదం కదులుతుంది. తెగిన వైపు పాదం అలాగే వేలాడుతుంది.

మోచేయి బయటి వైపు నొప్పి పెట్టే టెన్నిస్ ఎల్బోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ అడిగేవాళ్లు ఎక్కువ. ఇస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి ఏమీ చేయనివాళ్లకంటే వెనకబడతారు. చాలామందికి ఏడాదిలో దానంతటదే తగ్గుతుందని చెప్పి, మెల్లగా బరువు పెంచే వ్యాయామం నేర్పించు. ఇంజక్షన్ కంటే ఈ మాటలకు టైమ్ ఎక్కువ పడుతుంది, దానికి నేనేమీ చేయలేను. మోచేయి పక్కటెముకలకు ఆన్చి చెయ్యి బయటికి తిప్పితే తిరగకపోవడం భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ లక్షణం, షుగర్ ఉన్నవాళ్లలో మరీ. కానీ మూర్ఛ వచ్చిందనో కరెంట్ షాక్ కొట్టిందనో చెప్పినవాడికి అదే లక్షణం ఉంటే భుజం వెనక్కి తప్పి ఉండొచ్చు. ముందునుంచి తీసిన ఫిల్మ్ బాగున్నట్టే కనిపిస్తుంది, చంక వైపునుంచి ఇంకోటి తీయించు.

ఎంఆర్ఐ రిపోర్ట్‌లో "టియర్" అని ఉందని వణుకుతూ వచ్చేవాళ్లతో ఓపిగ్గా మాట్లాడు. వయసు మళ్లిన భుజాల్లో, మోకాళ్లలో నొప్పి లేనివాళ్లకు కూడా అలాంటి చిరుగులు కనిపిస్తాయి. చిరుగు ఉన్న చోటే నొప్పి ఉందా, అది ఉంటే రావాల్సిన బలహీనత ఉందా అన్నది నీ చెయ్యే చెప్పాలి. అరిగిన మోకాలిని దుర్భిణితో కడిగి శుభ్రం చేసే ఆపరేషన్‌కూ, పైన ఉత్తుత్తి కోతలు పెట్టి కుట్లు వేయడానికీ ఫలితంలో తేడా లేదని 2002లో అమెరికాలో 180 మంది మీద చేసిన పరిశీలనలో తేలింది. అయినా ఆ ఆపరేషన్ వెంటనే ఆగిపోలేదు.

ఒక్క పని మాత్రం ఈ రోజునుంచే మొదలుపెట్టు. ఎముక సరిచేసే ముందు, కట్టు వేసే ముందు నాడి ఎలా ఉంది, వేళ్లు కదులుతున్నాయా, స్పర్శ ఉందా చూసి కేస్ షీట్‌లో టైమ్ వేసి రాయి. పని అయ్యాక మళ్లీ చూసి మళ్లీ రాయి. మోచేయి పైన విరిగిన పిల్లలైతే బొటనవేలు, చూపుడు వేలు కొసలు కలిపి సున్నా చుట్టించు, ఆ సున్నా చదునుగా పడుతుంటే ఒక నరం పని చేయడం లేదు. అది నువ్వు ముట్టుకోకముందే ఉందా, తర్వాత వచ్చిందా అన్నది ఆ రాత్రి నువ్వు రాసిన రెండు లైన్లు చూసే తెలుస్తుంది.

మామయ్య